గడి జాగలో తూర్పు మూల

సిరిసిల్ల,
2-10-2011

ప్రియమైన జహీర్‌కు,

సలాం. నా గొంతు అలా ఉందేమని మొన్న ఫోన్‌లో అడిగారు. షార్జాలో మీ గదిలో ఆరుగురు వింటుండగా చెప్పే మాట కాదని రాస్తున్నాను.

సమ్మె మొదలై మా మట్టి పరీక్ష కేంద్రానికీ తాళం పడింది. బస్సులు లేవు. జగిత్యాల నుంచి ఆటోలు మారి, కొడిమ్యాలలో గంటసేపు ఎండలో నిలబడి మనింటికి చేరాను. మీరు లేని ఇల్లు నాకు అలవాటు కావడం లేదు. మీరు వదిలేసి వెళ్లిన చొక్కా ఒకటి ఇంకా ఉతకకుండా దాచుకున్నాను. నవ్వకండి.

విషయం గడి జాగది. ఒకప్పుడు దొర గడి ముందు మన పెద్దవాళ్లు చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డ ఆ నేల మీదే ఇప్పుడు ఉద్యమ శిబిరం నడుస్తోంది. లాఠీ దెబ్బలతో పోయిన మీ దోస్తు సంపత్ పేరు మీద వాళ్ల నాన్న శంకరయ్య కాక అక్కడ వేపమొక్క నాటితే మూడుసార్లూ ఎండిపోయింది. సమ్మెకు ముందు నన్ను మట్టి పరీక్ష చేయమన్నాడు. రైతుల పొలానికి చేసినట్టే ఎనిమిది చోట్ల తవ్వి, మట్టంతా కలిపి, ఒకే నమూనాగా చూశాను. రసాయనాలున్నాయని తేలింది. ఇప్పుడు అధికారులు ఆ కాగితం చూపించి, జాగ మొత్తానికీ కంచె వేస్తాం, శిబిరం ఎత్తేయండి అంటున్నారు.

తప్పు నాదే. అది పొలం కాదని నాకు తోచలేదు. నిన్న మళ్లీ వెళ్లి ఏ గుంతకు ఆ గుంత విడిగా, నా దగ్గరున్న చిన్న మీటరుతో చూశాను. ఏడింట్లో మట్టి మంచిదే. తూర్పు మూలన, మన అద్దకం షెడ్డు గోడ వెనక మాత్రం మూరెడు లోతున ఎరుపు, ఆకుపచ్చ, నీలం చారలున్నాయి. వాటి మీద రెండు వానాకాలాల ఒండ్రు పేరుకుంది, అందులో రంగు చుక్క లేదు. మీ అబ్బాజాన్ ఇవాళ్టికీ నూలుకు రంగులు అద్దుతూనే ఉన్నారు. రంగు పడడం ఆగింది మీరు షార్జా వెళ్లినప్పుడే.

నిజం రాస్తే జాగ దక్కుతుంది, మన ఇంటి పరువు పోతుంది. ఏం చేయమంటారు? ఇంకో మాట. నాకు పిల్లలు కలగలేదనే వెళ్లిపోయారని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. ఎవరికీ చెప్పుకోలేదు. అది కాదా?

మీ
హుమేరా

షార్జా,
15-10-2011

నా హుమేరాకు,

నీ ఉత్తరం పని దగ్గర చేతికొచ్చింది. విప్పాలంటే భయమేసి సాయంత్రం దాకా జేబులోనే ఉంచుకున్నాను.

పారబోసింది నేనే. రంగునీళ్ల డ్రమ్ములు ఊరవతల గుంత దాకా తీసుకెళ్లమని అబ్బా చెప్పేవారు. నాకు బద్ధకం. గోడ అవతల ఎవరిదీ కాని జాగ ఉందిగా అనుకున్నాను. నాలుగేళ్లు నేనొక్కడినే ఆ గోడ మీది నుంచి ఒంపాను. అబ్బాకు తెలియదు.

సంపత్ పోయాక కాక సరిగ్గా ఆ మూలనే వేప నాటాడు. రోజూ పొద్దున్నే బిందెతో నీళ్లు పోసేవాడు. మొదటి మొక్క ఎండిన రోజు, "నా చేతిల ఏమున్నదో జహీరూ, గిది గూడ బతుకుతలేదు" అన్నాడు. ఆ మర్నాడే పాస్‌పోర్టు కోసం తిరగడం మొదలుపెట్టాను. నీ వల్ల కాదు హుమేరా, ఎన్నడూ నీ వల్ల కాదు. ఆ ఒక్క మాట చెప్పకుండా నిన్ను ఇంత ఏడిపించినందుకు, చేసిన పాపం కంటే ఎక్కువ సిగ్గుపడుతున్నాను. ఇక్కడ రోజుకో పదిసార్లు నిన్ను తలుచుకుంటాను. నీకు ముఖం చూపించాలంటేనే ధైర్యం లేదు.

రిపోర్టులో నా పేరు రాయి. ముందు ఈ ఉత్తరం కాకకు చదివి వినిపించు.

నీ
జహీర్

సిరిసిల్ల,
30-10-2011

నా జహీర్‌కు,

సమ్మె ఆగింది. కొత్త రిపోర్టు ఇచ్చేశాను. కంచె ఆ ఒక్క మూలకేనట, శిబిరం కదలదు. అబ్బాజాన్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు "కబ్ ఆతా కతే ఉనే?" అంటూ మీరెప్పుడు వస్తారో అడిగారు.

రిపోర్టు ఇచ్చే ముందు మీ ఉత్తరం కాకకు చదివి వినిపించాను. "నేనొక్కడినే" అన్న దగ్గర ఆయన నన్ను ఆపాడు.

"గా డ్రమ్ము ఒక్కనితోని లేస్తదా బిడ్డా? రెండో దిక్కు మా సంపత్ వట్టిండు. నేను కండ్లార సూసిన, ఎన్నడు వద్దనలే. పోయినోని పేరు ఎందుకు తియ్యాలెనని మీ ఆయన దాసిండు. గందుకే గన్ని నీళ్లు వోసిన, మా పోరగాండ్లు వోసింది కడుక్కపోతదని. పోయిందో లేదో ఎరుకగావాలెననే నిన్ను మట్టి సూడుమన్న."

రిపోర్టులో కొడుకు పేరు కూడా రాయమని పట్టుబట్టాడు. రాశాను. దాని కింద సాక్షిగా వేలిముద్ర వేసి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "రేపటి సంది గా మట్టి తవ్వి తీస్త. నాకొక్కనికి చాతగాదు. జహీర్ను రమ్మని రాయి."

నాకు కూడా ఒక్కదానికి చేతకావడం లేదు. వచ్చేయండి.

మీ
హుమేరా