తోడుకున్నదా, సిస్టర్?

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆబిడ్స్‌లో బేరమాడి మరీ కొన్న నీ ఊలు దుప్పటి ఇచ్చేద్దామని నాంపల్లి దవాఖానకు వెళ్లాను. నెత్తురు డయాలిసిస్ మిషన్‌లో తిరుగుతున్నంతసేపూ నువ్వు వణికేవాడివి కదా, ఎవరికైనా పనికొస్తుందని.

నీ మంచం మీద గౌలిగూడ హోటల్లో చాయ్ కాచే ముసలాయన ఉన్నాడు. గొట్టాల్లో నెత్తురు గడ్డకట్టకుండా ఆయనకూ హెపారిన్ ఎక్కిస్తున్నారు. ఆ మందు తక్కువైతే గడ్డకడుతుంది, ఎక్కువైతే సూది గుచ్చినచోట నెత్తురు ఆగదు. అందుకే సిస్టర్ చిన్న గాజు గొట్టంలో కాస్త నెత్తురు తీసి, మనం పెరుగు గిన్నె వంచి చూసినట్టు, వంచి చూస్తోంది.

"తోడుకున్నదా, సిస్టర్?" అన్నాడు ముసలాయన.

నీ మాటే! మొదటిసారి నువ్వలా అడిగితే, కేరళ నుంచి కొత్తగా వచ్చిన ఈ సిస్టర్‌కు అర్థం కాక, నీకు తోడు కావాలేమోనని వరండాలో ఉన్న నన్ను లోపలికి పిలిచింది. నువ్వు నవ్వలేక నవ్వావు. ఆ తర్వాత నన్నెవరూ బయటికి పంపలేదు.

"ఇంకా తోడుకోలే తాతా, ఫికర్ చెయ్యకు" అంది సిస్టర్. నన్ను చూసి నవ్వింది. "ఇప్పుడు వార్డంతా గిదే మాట, అక్కా."

నాకు ఎంత నిమ్మళమనిపించిందో. దుప్పటి ఆయన కాళ్ల మీద కప్పాను.

"నువ్వెవరికి తోడొచ్చినవ్, బిడ్డా?" అన్నాడాయన.

"మా తమ్మునికి" అని, నా పాత స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

అక్క