కుక్కర్ కూడా వస్తోంది

రవీ,

వేసవి సెలవుల్లో మన సాన్వీ, నేనూ లిస్బన్ వెళ్తున్నాం. నువ్వు లేకుండా మాకిదే మొదటి ప్రయాణం. ఊరు చూడ్డానికి వెళ్లి అక్కడా అన్నం వండుకోవడమేమిటని నీతో పోట్లాడేదాన్ని కదా, అందుకే వంటగది లేని హోటల్ బుక్ చేశాను.

నిన్న సాన్వి నీ బుల్లి రైస్ కుక్కర్ తెచ్చి సూట్‌కేస్‌లో పెట్టింది.

"ట్రిప్ అంటే ఇది రావాలి కదమ్మా. నాన్న ఎప్పుడూ తెచ్చేవాడు."

నీ మొండితనమే దానికీ వచ్చింది. నయాగరా దారిలో, మోటెల్ గదిలో నువ్వు కలిపిన పెరుగన్నం అది మరిచిపోలేదు.

అమెరికా కుక్కర్ యూరప్ కరెంటుకి కాలిపోతుందని నువ్వుంటే చెప్పేవాడివి. నేను చెప్పలేకపోయాను. హోటల్ క్యాన్సిల్ చేసి, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. అన్నం గిన్నెలో వండి, నీ కుక్కర్‌లోకి తీసి, అందులోంచే వడ్డిస్తాను.