ఆల్డెన్ మూలలో నీ పేరు

అక్క ఆర్లిస్‌కు, తమ్ముడు వెండెల్ ప్రేమతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ నీ మరదలు నోరీనూ కులాసాగా ఉన్నాము. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తానని రాయడం మర్యాద. కానీ గుండె మాత్రను సగానికి విరిచి, సగం ఇవాళ, సగం రేపు మింగుతున్నానని నువ్వే తెలియజేశాక ఆ మాట రాయడానికి నాకు చేతులు రాలేదు. క్షమించు.

ముందుగా నీ ప్రశ్నలకు జవాబులు. నోరీన్ మోకాలు నయమైంది. ఆపరేషన్ ఖర్చంతా మా మిల్లు బీమాయే భరించింది. ఈ సంగతి నీకు రాయడానికి సిగ్గుగా ఉంది. వాకిట్లో మంచు ఇంకా నడుమెత్తున ఉంది. అమ్మ కుట్టుమిషను భద్రంగా ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. ఇక, "మీ కాకస్ సభలో పార్టీ అభ్యర్థిత్వానికి పోటీపడే ముగ్గురిలో నాలాంటిదాని సంగతి పట్టించుకునేది ఎవరు?" అని అడిగావు. దానికి జవాబు కొంచెం పొడుగు.

నలభై ఆరో ఏట రాత్రి బడిలో చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి నేను. ముగ్గురి ప్రసంగాలూ తెప్పించి, పన్నులు, ఉద్యోగాలు, వైద్యం అనే మూడు విషయాల్లో ఎవరి మాట ఏమిటో పక్కపక్కన పెట్టుకుని చదివాను. గవర్నర్ హెల్మ్ పన్నులు తగ్గిస్తానంటున్నాడు. మిగిలిన సొమ్ముతో వ్యాపారులు మనుషుల్ని పనిలో పెట్టుకుంటారని ఆయన నమ్మకం. వైద్యం మాత్రం యజమానీ ఉద్యోగీ తేల్చుకోవలసిన వ్యవహారమట. మోటెల్ గదులు ఊడ్చే నీకు అలాంటి యజమాని ఎక్కడ దొరుకుతాడో ఆయన చెప్పలేదు. సెనేటర్ ట్రెంట్ పన్నుల జోలికి పోకుండా వంతెనలూ రోడ్లూ కట్టించి ఉద్యోగాలిస్తాడట. ఉద్యోగం దొరికితే బీమా దానంతటదే వస్తుందట. అంటే ఈ వయసులో నువ్వు వంతెనెక్కి ఇనుము మోయాలన్నమాట. శ్రీమతి ఆల్డెన్ ఒక్కతే, అందరి దగ్గరా కొంత ఎక్కువ పన్ను తీసుకుని అందరికీ ప్రభుత్వమే వైద్యం చేయిస్తుందని సూటిగా చెప్పింది. ఆవిడ పథకంలోనూ లోపాలున్నాయి. ఆ పన్ను ఎంతని అడిగితే రెండు ఊళ్ళలో రెండు రకాలుగా చెప్పింది. జీతం పెంపు వదులుకుని మేము మిల్లులో సాధించుకున్న బీమా కూడా ఆ పథకంలో కలిసిపోతుంది. అయినా నీ ప్రశ్నకు జవాబు ఆవిడే. అందుకే నేను ఆవిడ మూలలో నిలబడ్డాను.

మన కాకస్ పద్ధతి నువ్వు మరిచిపోయి ఉండవు. బడి జిమ్నాజియంలో అభ్యర్థికొక మూల. ఊరంతా చూస్తుండగా ఎవరి మూలలో వాళ్ళు నిలబడాలి. తగినంత మంది లేని మూల రద్దవుతుంది. అక్కడివాళ్ళు వేరే మూలకైనా నడవాలి, ఇంటికైనా పోవాలి. తొలి లెక్కలో మా మూలకు ఇద్దరు తక్కువయ్యారు.

హెల్మ్ మూలలో ట్రాక్టర్ల కొట్టు బడ్ క్రేమర్ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్ వెండెల్, మీ మూలలో చలెక్కువగా ఉన్నట్టుందిరా! ఇటు రా, మా ఆవిడ ఆపిల్ తీపి రొట్టె చేసింది."

"తిండి పెట్టి మనుషుల్ని కొంటున్నావా?"

"కొనట్లేదురా, అరువిస్తున్నా!"

అందరూ నవ్వారు. ప్రతి మూల తరఫునా ఒకరు మాట్లాడవచ్చు కనుక, నేను రాసుకున్నదంతా క్రమం తప్పకుండా చదివాను. పన్నుల భాగం పూర్తికాకముందే వెనక ఎవరో ఆవలించారు.

"ప్రొఫెసర్ గారూ, బెల్లు కొట్టేశారండీ!" అన్నాడు బడ్. మళ్ళీ నవ్వులు. తరవాత వాడే నవ్వు ఆపి, "ఒళ్ళొంచి పనిచేసేవాడికి బీమా దానంతటదే వస్తుందిరా. చెయ్యనివాడికి నా పన్నెందుకు?" అన్నాడు. చాలా తలలు ఊగాయి.

అప్పుడు నేను కాగితాలు మడిచేసి ఒక మాట అన్నాను. అదేమిటో కొంచెం ఆగి రాస్తాను. ఆ మాట విని, నీతో చదువుకున్న వెల్డా సేథర్ కళ్ళు తుడుచుకుంటూ ట్రెంట్ మూల నుంచి నడిచి వచ్చింది. వెనకాలే ఆమె భర్త వచ్చాడు. లెక్క సరిపోయి మా మూల నిలిచింది. నేను మాత్రం సంతోషించలేకపోయాను.

వారం తరవాత గ్యాస్ స్టేషన్‌లో డబ్బు కట్టబోతే, కౌంటర్ మీద ఒక కాఫీ డబ్బా కనిపించింది. దాని మీద అంటించి ఉన్నది నీ ఫొటో అక్కా, బడి ఆఖరి ఏడాదిలో తీసినది. "మన ఆర్లిస్ గుండె కోసం. మాజీ సైనికుల లెజియన్ హాలులో స్పగెట్టి విందు. తోచినంత వేయండి."

నేనన్న మాట ఏమిటో ఇప్పటికి నీకు అర్థమై ఉంటుంది. "మా అక్క ఆర్లిస్ మీ అందరికంటే ఎక్కువ ఒళ్ళొంచి పనిచేస్తుంది. మందుకు డబ్బుల్లేక మాత్రను విరుచుకుని మింగుతోంది" అన్నాను. ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వొద్దని నువ్వు ఉత్తరంలో గీత గీసి మరీ రాశావు. నేను ఊరందరి ముందూ నీ పేరు పెట్టి చెప్పాను. నా మీద నాకు కోపం. అంతకు రెట్టింపు వాళ్ళ మీద. మూడు వారాలు కష్టపడి సమకూర్చిన న్యాయం వాళ్ళకు ఆవలింత తెప్పించింది. నీ అవమానం మాత్రం కన్నీళ్ళు తెప్పించింది.

డబ్బా చంకలో పెట్టుకుని, ఆ విందు తలపెట్టిన వెల్డా ఇంటికి నేరుగా వెళ్ళాను. బడ్ అక్కడే ఉన్నాడు, విందుకు ఉచితంగా ఇస్తున్న గొడ్డుమాంసం ఫ్రీజర్‌లో సర్దుతున్నాడు.

"పన్ను కట్టనన్నావు. మరి ఇదేమిటి?" అన్నాను.

"అది వేరు, ఇది వేరు. ఆర్లిస్ మన పిల్లరా. నాకు తెలుసు దాన్ని."

"నీకు తెలియనివాళ్ళ గుండె ఆగిపోవచ్చా?"

"మళ్ళీ క్లాసు మొదలెట్టకురా బాబూ. ఆ సంచీ ఇలా అందుకో."

"మాకు మీ ధర్మం అక్కర్లేదు" అని డబ్బా బల్ల మీద పెట్టాను.

వెల్డా నెమ్మదిగా దాన్ని నా వైపే జరిపింది. "పౌరుషం నీది వెండెల్. గుండె దానిది. వద్దనాలంటే అది అనాలి. మధ్యలో నువ్వెవరు?"

డబ్బా తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టి వచ్చాను. నిన్ను అడగకుండానే విందుకు ఒప్పుకున్నాను. ఇది నా రెండో తప్పు. దీనికి మాత్రం క్షమాపణ అడగను.

శనివారం ఏప్రన్ కట్టుకుని వడ్డించేది నేనే. వచ్చిన ప్రతివాడికీ కృతజ్ఞతలు చెబుతాను. బడ్‌కు చెప్పేటప్పుడు ఒళ్ళు మండుతుంది, అయినా చెబుతాను. విందులో రాజకీయం ఎత్తనని వెల్డా నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒక్క సాయంత్రం నీ కోసం నోరు కట్టుకుంటాను. సొమ్ము చేరాక తిప్పి పంపకు. నన్ను తిట్టు, నాకు ఉత్తరాలు మానేయి, కానీ మందు కొనుక్కో, మాత్ర పూర్తిగా మింగు.

ఆదివారం ఉదయం చర్చి మెట్ల దగ్గర బడ్ దొరుకుతాడు. నా ఒట్టు శనివారం వరకే.

ఇట్లు,
నిన్ను అడగకుండా నీ పేరు పలికిన తమ్ముడు,
వెండెల్