రోజుకు పన్నెండుమంది

లూసియానా,
అక్టోబరు 9.

ప్రియమైన అక్కకు,

చెల్లెలు కిల్‌జా వంగి దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి ఇక్కడ అందరం క్షేమమే. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు పంపిన మిరప్పొడి అందింది. దారిలో సంచీ చిరిగి సగం పెట్టెలో ఒలికింది గానీ, ఘాటు మాత్రం అచ్చం మన కొరియాదే. మోకాలు సంగతి అడిగావు. కుట్టుమిషను తొక్కే పని లేదు కనుక నొప్పి తగ్గింది. చుసోక్ పెద్దల పండుగనాడు అమ్మ పేరా, నాన్న పేరా కొత్తబియ్యం అన్నం పెట్టాను. పియర్ పళ్ళు పెట్టలేదు, కొనలేకపోయాను. నువ్వు పెట్టే ఉంటావు.

పటాలం నిజంగానే వెళ్ళిపోయిందా అని అడిగావు. ఆగస్టులో వెళ్ళిపోయింది. మిలిటరీ ఖర్చు తగ్గించాలట. ఆఖరి మూడు వారాలూ నాకు ఊపిరాడని పని. ఒక్కొక్క కుర్రాడూ వచ్చి, చొక్కా భుజం మీది మా పటాలం బిళ్ళ విప్పించుకుని, వెళ్ళబోయే పటాలం బిళ్ళ కుట్టించుకున్నాడు. ఇన్నేళ్ళూ నేను కుట్టినవన్నీ నా చేత్తోనే ఊడదీశాను. ఇప్పుడు క్యాంపు గేటు ముందు పద్నాలుగు దుకాణాల్లో తెరిచి ఉన్నవి మూడు. మా ఆయన్ని ఇక్కడే పాతిపెట్టాను కాబట్టి నేనెక్కడికీ పోలేను.

అక్కా, ఇంతవరకూ నీకు చెప్పనిది ఒకటుంది. చదివి నన్ను తిట్టు, తిడితే మేలు.

కిందటేడు మిలిటరీవాళ్ళు మా దుకాణాలకి ఒక కాగితం ఇచ్చారు. మూడు క్యాంపుల్లో ఒకచోటి పటాలాన్ని తీసెయ్యాలి, ఏ ఊరు తక్కువ నష్టపోతుందో చూస్తాం అన్నారు. అందులో అడిగింది ఒక్కటే: మీ దుకాణానికి రోజుకు ఎంతమంది సైనికులు వస్తారు? నా దగ్గరికి అరవైమంది వచ్చేవాళ్ళు. పన్నుల కాగితంలో మాత్రం ఎప్పుడూ పన్నెండుమందినే చూపించేదాన్ని. గేటు ముందు అందరం అంతే. ఆ తెలివి వాళ్ళకి నేర్పింది నేనే.

పక్క దుకాణం మంగలి వెండెల్ నీకు తెలుసుగా, నువ్వొచ్చినప్పుడు నీ జడ చూసి ముచ్చటపడ్డాడు. ఆయన కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"చెల్లెమ్మా, ఇందులో ఏం రాయమంటావే?"

"పన్నెండు రాయి. నిజం రాశావంటే రేపు పన్నులోడు వచ్చి నీ కుర్చీలోనే కూర్చుంటాడు."

"నా కొట్లో తలకాయలన్నీ పటాలం తలకాయలేగదా! ఊరోళ్ళది ఒక్కటే, నాది. దాని మీద వెంట్రుకే లేదాయె!"

"నవ్వులాట కాదు. నోరు మూసుకుని పన్నెండు రాయి."

రాశాడు. అందరూ రాశారు. నేను ఇంటింటికీ తిరిగి మరీ రాయించాను.

మార్చిలో హాల్లో మీటింగు పెట్టి నివేదిక చదివారు. గేటు ముందు దుకాణాలకు కలిగే నష్టం స్వల్పమే, కాబట్టి తీసేది మీ పటాలాన్నే అన్నారు. వెండెల్ ఎగిరి లేచాడు. "ఎవడయ్యా మమ్మల్ని లెక్కపెట్టింది? వాడి కళ్ళు పోయాయా?" అని అరిచాడు. అరిచాక గుర్తొచ్చింది కాబోలు, ఠక్కున కూర్చున్నాడు. నా వైపు తిరిగి చూడలేదు. చూసి నాలుగు మాటలన్నా బాగుండేది. ఆ చూడకపోవడమే ఈరోజుకీ నన్ను తినేస్తోంది.

పోయిన గురువారం ఆయన కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. పొద్దున్నే వచ్చి, తెల్లకోటు గుండీ ఊడిందని కుట్టమన్నాడు. ఇక ఎవరి తల దువ్వడానికి ఆ కోటు? కుడుతూ క్షమించమని అడుగుదామనుకున్నాను, దారం కొరికి కోటు చేతికిచ్చేశాను. ఆయన గుండీ లాగి చూసుకుని, "గట్టి కుట్టు చెల్లెమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిన్న నీ ఉత్తరం వచ్చింది. అక్కడ మన ఊరి అమెరికా క్యాంపులోనూ సైన్యాన్ని తగ్గిస్తారనీ, మునిసిపాలిటీ వాళ్ళు నీ వేపుడు చికెన్ కొట్టుకీ ఇలాంటి కాగితమే ఇచ్చారనీ రాశావు. "నువ్వు నేర్పినట్టే తక్కువ రాసి శుక్రవారం ఇచ్చేస్తాను, నా చెల్లెలి తెలివి నాకూ వచ్చింది" అని మురిసిపోయావు. వెంటనే ఫోన్ చేస్తే బావ ఎత్తి, "ఇచ్చేసిందిలే, అందరికంటే ముందు మీ అక్కే" అన్నాడు. ఆ గొంతులో గర్వం విని ఏమీ చెప్పలేక పెట్టేశాను. చూశావా, అప్పుడు కూడా నోరు మూసుకున్నాను.

అక్కా, ఈ ఉత్తరం అందగానే వెళ్ళి ఆ కాగితం వెనక్కి అడుగు. ఇవ్వకపోతే వాళ్ళ గుమ్మంలో కూర్చో. పన్ను పడితే పడనీ. ఎంతమంది వస్తారో అంతమందినీ రాయి, పక్క కొట్లవాళ్ళ చేతా రాయించు. ఈపాటికే ఆలస్యమైపోయిందేమో అని నాకు తెలుసు. అయినా వెళ్ళు.

నిన్న నా దుకాణానికి ఎంతమంది వచ్చారో నేనూ నిజమే రాస్తున్నాను. ఒక్కడే. నీ ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్.

ఇట్లు,
నీకు తప్పుడు తెలివి నేర్పిన చెల్లెలు,
కిల్‌జా