పనికిరానిదాన్ని ముందు కొయ్యండి

చిట్యాల,
1962, మాఘమాసం.

చిరంజీవి తమ్ముడు రామచంద్రయ్యను అక్క గోపమ్మ దీవించి రాసే సంగతులు. ఇక్కడ అందరం బాగున్నాం, నువ్వు పంపిన మిషను ఇంట్లోకి వచ్చేదాకా.

నిన్న హైదరాబాదు బస్సు పైనుంచి దాన్ని దించారు. గోనెసంచి విప్పితే కుట్టుమిషనుకు ఉన్నట్టే కింద తొక్కుడు పలక, పక్కన చక్రం. పైన మాత్రం కొంగమెడ లాంటి ఇనుప చెయ్యి, దాని కింద చిన్న బల్ల, మధ్యన దారమంత సన్నటి రంపం. తొక్కితే అది పైకీ కిందికీ ఆడుతుంది. మీ బావ "గిదుంటె జాలీ కిటికీలు చిటికెల కోస్త" అంటూ దాని చుట్టూ తిరుగుతున్నాడు. నాకు మాత్రం ముద్ద దిగడం లేదు. నాయిన బొటనవేలు కోతమిల్లులో పోయింది మరిచావా? ఆ చెయ్యి చూస్తూ పెరిగినవాళ్లం మనం. వడ్రంగం చేసే మీ బావ వేళ్లే మాకు భూమీ జాగా.

ఎట్లా వాడాలో వివరంగా రాయి. ఆయనకు చదువు రాదు కనుక నేనే చదివి వినిపిస్తాను. అప్పటిదాకా మిషను మీద దుప్పటి కప్పి, గదికి తాళం వేశాను.

నీ అక్క
గోపమ్మ

తా.క. మా అత్తమ్మ ఈదమ్మ దానికి బొట్టు పెట్టబోయి రంపం పుటుక్కున విరిచింది. పొట్లంలో ఇంకొన్ని రంపాలు ఉన్నాయిలే. "నా దిక్కు జూసి పండ్లు కొరికింది" అంటోంది.

హైదరాబాదు.

అక్కకూ బావకూ రామచంద్రయ్య దండాలు.

హడలిపోవద్దు. అట్లాగని బొత్తిగా భయం లేకుండానూ దాని ముందు కూర్చోవద్దు. రంపం పళ్లు కిందికి చూడాలి. తలకిందులుగా బిగిస్తే చెక్కను ఎత్తి ఎత్తి కొడుతుంది. బిగువు చాలిందో లేదో వేలితో మీటి చూడండి, తీగలా మోగాలి. చెక్క మీద ఆనే చిన్న ఇనుప పాదం ఉంది, దాన్ని చెక్క ఎగరకుండా దించుకోవాలి. చెక్కను బలవంతంగా తోయొద్దు, రంపం తిన్నంతే పెట్టాలి. వంపు దగ్గర చెక్కనే మెల్లగా తిప్పాలి. వేళ్లు పక్కన ఉండాలి గాని రంపానికి ఎదురుగా ఉండకూడదు. రంపం మార్చేటప్పుడు పలక మీద కాలు పెట్టొద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు కూర్చున్నా సరే, మెడలో వేలాడేవన్నీ తీసేసి కూర్చోవాలి.

మీ తమ్ముడు
రామచంద్రయ్య

తా.క. తొందరపడి మంచిదాని జోలికి పోవద్దు. ఇంట్లో పనికిరానిది ఒకటి మూలన పడి ఉంటుంది కదా. ముందు దాన్ని కొయ్యండి, చెయ్యి కుదురుతుంది.

చిట్యాల.

తమ్ముడూ,

ఈసారి దీవెనలు లేవు. ఏం రాశావురా!

నేను పైకి చదువుతున్నాను. అత్తమ్మ మూలన కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. "మెడలో వేలాడేవన్నీ తీసేసి" అనేసరికి చేట కింద పెట్టింది. "అంటె కోడలు పుస్తెలు తియ్యాల్నా? నా కొడుకు బతకద్దా?" అంది. ఆమెను సముదాయించి తాజాకలం చదివాను. చదవకుండా ఉండాల్సింది. "మూలకు పడ్డది నేనేనాయె! నన్ను గోసినంక చెయ్యి కుదురుతదా?" అంటూ లేచి, గోడ అవతల అమీరున్నీసా ఇంట్లో దూరింది. రాత్రి అక్కడే పడుకుంది. పొద్దున అమీరున్నీసా నన్ను పట్టుకుని "అత్త మీద గంత కోపమైతె నాకు జెప్పొద్దా గోపమ్మా?" అని అడిగింది. మీ బావ నాతో మాట్లాడడం లేదు.

గోపమ్మ

తా.క. నువ్వన్నది చెక్క గురించేనా? నిజం చెప్పు. నాకొక్కదానికే చెప్పు, ఎవరికీ చెప్పను.

హైదరాబాదు.

అక్కా,

చెక్క! చెక్క! పనికిరాని చెక్క! నీ కాళ్లు మొక్కుతాను, ఆ మాట గోడ ఎక్కి అరిచి చెప్పు. మెడలోవి అంటే బావ తువ్వాలు. నువ్వు కూర్చుంటే పుస్తెలు రవికెలోకి దోపుకుంటే చాలు. ఉత్తరం డబ్బాలో వేసినప్పటి నుంచి నాకూ నిద్ర లేదు.

ఆదివారం వస్తున్నాను. అత్తమ్మను మిషను ముందు కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుని, ఆమె భయం ఒక్కసారికే పోయేట్టు చేస్తాను.

రామచంద్రయ్య

తా.క. నేను వచ్చేదాకా ఆమెను ఎటూ పోనివ్వకండి. పదునైన కొత్త రంపాలు తెస్తున్నాను.

చిట్యాల.

తమ్ముడు రామచంద్రయ్యకు,

నీ ఉత్తరం గోడ మీదుగా చదివాను. "చెక్క" అనగానే అత్తమ్మ కొంచెం మెత్తబడింది. "రెండు చేతులూ పట్టుకుని" అనగానే జడ్చర్లలో బిడ్డ ఇంటికి పోతానని లేచింది. మా ఇంట్లోకి వచ్చి చీరలు మూట కట్టుకుంది. ఆమె రావడమే మంచిదైంది.

అప్పటికే మీ బావ నా కొంగున ఉన్న తాళంచెవి లాక్కుని, పొట్లంలోని రంపం ఒకటి బిగించి మిషను మీద కూర్చున్నాడు. తువ్వాలు తియ్యమంటే "వడ్లోని మీద తువ్వాల లేకుంటె వడ్రంగి అని ఎవరంటరు" అన్నాడు. నాలుగు తొక్కులు తొక్కాడో లేదో తువ్వాలు కొస చక్రంలో పడింది. మెడ కిందికి, కిందికి లాగేస్తోంది. మొహం రంపం మీదికి పోతోంది. భయానికి కాళ్లు ఆగకపోగా ఇంకా జోరుగా తొక్కుతున్నాడు. నేను కొయ్యబారిపోయాను.

"కాలు తియ్యిరా కొడుకా!" అని అరుస్తూ అత్తమ్మ ఉరికివచ్చి, చేతిలోని మూటను తొక్కుడు పలక కింద కుక్కింది. మిషను ఠక్కున ఆగింది. రంపం విరిగి ఎగిరిపోయింది. మీ బావ చిటికెన వేలు గీసుకుపోయింది, అంతే. ఆ వేలు పట్టుకుని ఆమె ఏడ్చింది. తర్వాత అదే చేత్తో కొడుకు వీపు మీద రెండు వేసింది.

కాసేపటికి "నీ తమ్ముని మొదటి ఉత్తరం చదువు. మెల్లగ చదువు, ఒక్క మాట ఇడవొద్దు" అంది. చదివాను.

నీ అక్క
గోపమ్మ

తా.క. ఇకమీదివి అత్తమ్మ మాటలు, చెప్పినవి చెప్పినట్టే రాస్తున్నాను: "రామచంద్రయ్యా, నా కొడుకు భయపడి మిషను గదిలకే వస్తలేడు. వాకిట్ల కూసోని చెక్కలకు ఉప్పుకాగితం రుద్దుతుండు. నేను ఊకె చూద్దామని కూసున్న. పొట్లంలది ఇంకో రంపం బిగిచ్చి మెల్లగ తొక్కితె, పనికిరాని చెక్కల ఒక ఆకు తెగింది. మల్ల ఒక పువ్వు తెగింది. పొద్దుగూకినా లేవబుద్ధి గాలే. వడ్లోళ్లింట్ల పుట్టిన, వడ్లోళ్లింటికే వచ్చిన. గిన్నేండ్లల్ల నా చేతికి రంపమిచ్చినోడు లేడు బిడ్డా."