ముందు నాకు చెప్పు

ఛాయా, ఈ చీటీ రాసి పెట్టి వెళ్తున్నాను. ఉయ్యూరు బస్సుకి టైమైపోయింది, నువ్వేమో ఇంకా పక్కింటి నజీరా వాళ్ళ డాబా మీదే ఉన్నావు. పాలు కాచి మూత పెట్టాను. ట్యాంకు నిండగానే మోటారు ఆపెయ్యి, మళ్ళీ కబుర్లలో పడి మర్చిపోకు.

నిన్న బజార్లో నజీరా వాళ్ళాయన కాశిం గారు కనపడి, "అన్నయ్యగారూ, వదినగారి కంటి ఆపరేషన్ ఎప్పుడండీ?" అన్నారు. నీ కంట్లో శుక్లం వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. అంతా తెలిసినట్టే, "డాక్టరుగారు ఇంకా చెప్పలేదండీ" అనేశాను. ఒళ్ళు మండిపోయిందనుకో. ఆవిడతో అయితే గోడ పట్టుకుని గంటలు గంటలు నవ్వుతావు. నేను అడిగితే మాత్రం "ఏం లేదండీ" అంటావు.

అన్నం దగ్గర మాట్లాడకూడదన్నది మా నాన్న పెట్టిన పద్ధతి. నేను ఇంట్లో నీకు దొరికేదే ఆ కాసేపు. అందుకని ఈ రాత్రి నుంచి ఆ పద్ధతి తీసేశాను. వడ్డిస్తూ ఆపరేషన్ సంగతి మొత్తం చెప్పు. భయంగా ఉంటే అదీ చెప్పు. ఆసుపత్రికి తోడు నేనే వస్తాను, నజీరాని అడగొద్దు.

బసవపున్నయ్య

ఇంకో మాట. నీ కంటికి ఆనాలనే ఇంతింత లావు అక్షరాలు రాశాను, కాగితమంతా అయిపోయింది. ఈ చీటీ నజీరా చేత చదివించుకోకు. నువ్వు చదివాక కావాలంటే ఆవిడకీ చెప్పు. ఈ ఒక్కసారికి ఆవిడకి తెలిసేది మన తర్వాతే.