మూడు రంగుల్లో ఏదీ కాని లారీ

జిల్లా రవాణా అధికారి గారి సముఖమునకు,
షాన్ కొండల్లోని నంలిన్ గ్రామ నివాసి ఖిన్ ల్వే వ్రాసుకొనునది.

అయ్యా,

విషయం: సొంత యాజమాన్యంలో ఉన్న పాత మిలిటరీ లారీకి నలుపు, ఎరుపు, పసుపు నంబరు ప్లేట్లలో ఒకటి ఎంచుకొనుట, ఎంచుకోలేకపోవుట గురించి.

1. సదరు లారీని మా తండ్రిగారు యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మిలిటరీ డిపో వేలంలో కొన్నారు. యాభై ఏళ్ళుగా మా కొండ మీద జబ్బుపడినవారిని పదకొండు మైళ్ళ దిగువనున్న ఆస్పత్రికి దించుతున్నదీ, పోయినవారిని వాగు అవతలి శ్మశానానికి చేరుస్తున్నదీ అదే. అంత ఎత్తు చక్రాలున్న బండి మరొకటి లేదు కనుక వానాకాలం వాగులో ఇంకేదీ దిగదు. తండ్రిగారి తరువాత దానిని నడుపుట నాకొక్కదానికే వచ్చు. నేను తత్వశాస్త్రం చదువుకున్నాను. ఆ చదువు గేర్లు మార్చడానికి పనికిరాలేదు గాని, తమ ఫారం ముందు కూర్చున్నప్పుడు మాత్రం బాగా అడ్డం వచ్చింది.

2. చేతితో రాసిన పాత నంబరు రద్దయిందనీ, ఈ నెల ముప్పైలోగా రంగు ఎంచుకొననిచో బండిని తుక్కు కింద స్వాధీనం చేసుకొందురనీ, అంతవరకు కదపరాదనీ నోటీసు అందినది. ఫారంలో మూడు గళ్ళున్నవి. ఒకటికి మించి టిక్కు పెట్టినా చెల్లదు, అసలు పెట్టకపోయినా చెల్లదు.

3. నలుపు, అనగా సొంత వాడకం. యజమాని, యజమాని కుటుంబం మాత్రమే ఎక్కవలెను. ఊరంతా నావాళ్ళేనని తమ గుమాస్తా కో టిన్ మ్యిన్ గారితో మనవి చేశాను. చదువుకున్నదాన్నని నన్ను సయామా, అంటే పంతులమ్మ, అని పిలిచే ఆయన నా కుటుంబ పట్టీ తెరిచి చూశారు.

"ఇందులో మీ పేరొక్కటే ఉంది కదా సయామా?"

"అవును."

"మరి మీరొక్కరే ఎక్కాలి."

ఆయన తప్పేమీ మాట్లాడలేదు. తల్లిదండ్రులు పోయారు, నేను పెళ్ళి చేసుకోలేదు. కాకపోతే ఆ సంగతి ఇరవై మంది వరసలో నిలబడి వింటుండగా ఒక బల్ల ముందు తెలుసుకోవలసి వస్తుందని అనుకోలేదు.

4. పసుపు, అనగా ధర్మకార్యాల బండి. దీనికి యజమాని మఠం అయి ఉండవలెను. మా మఠాధిపతి గారి వద్దకు వెళ్ళి లారీ దానమిస్తానన్నాను. ఆయన కిళ్ళీ నములుతూ నవ్వారు.

"ఇస్తే పుచ్చుకుంటాను తల్లీ. మరి నడిపేదెవరు?"

"నేనే స్వామీ."

"మఠం బండిని ఆడమనిషి నడిపితే, ఆమె పక్క సీట్లో భిక్షువు కూర్చోవడం కుదరదు. భిక్షువులు స్టీరింగు పట్టరు. ఇక మిగిలింది మా కుక్క. దానికి లైసెన్సిప్పించు, రేపే పుచ్చుకుంటాను." తరువాత నెమ్మదిగా అన్నారు: "అయినా ప్లేటు కోసం ఇచ్చేది దానమెలా అవుతుందే?"

నమస్కరించి, పసుపు గడి ఖాళీగానే ఉంచి తిరిగి వచ్చాను.

5. ఎరుపు, అనగా కిరాయి బండి. నేనెవరి వద్దా కిరాయి పుచ్చుకోను. అయితే కో టిన్ మ్యిన్ గారు, "ప్రయాణం నిమిత్తం ఎవరైనా, ఏ రూపంలోనైనా, చెల్లిస్తారా?" అని చదివినప్పుడు నేను వెంటనే లేదనలేకపోయాను. ఆలోచించాను. అదే నేను చేసిన పొరపాటు. పరలోకపు ఏరు దాటేందుకని పోయినవారి నోట్లో ఇంటివాళ్ళు పడవ కూలి బిళ్ళ పెడతారు కదా అన్నాను.

ఆయన కలం ఆగింది. "శవం లారీలో ఉన్నప్పుడా, ముందా?"

"ముందే పెడతారు. అది మనిషితో పాటే కాలిపోతుంది. నాకు ముట్టదు. అయినా అవి చెల్లని పాత బిళ్ళలు బాబూ! మీ ఇంట్లో పెట్టరూ?"

"మా నాన్నకీ పెట్టాం. కానీ రూలులో 'చెల్లించబడినది' అనే ఉంది సయామా, 'ముట్టినది' అని లేదు."

ఆ విధంగా సదరు లారీ ఛార్జీ వసూలు చేయుచున్నదని నమోదైనది. అందువలన ఎరుపు ప్లేటు తీసుకొని, నిర్ణీత రూటులో, టికెట్లిచ్చి, రోజూ ఉదయం ఎనిమిదికి బయలుదేరవలెనట. మా ఊళ్ళో ఎవరూ రోజూ ఉదయం ఎనిమిదికి చావరని మనవి.

6. ఇది నవ్వులాటకు వ్రాయుట లేదు. మా పక్కింటి ప్వా షిన్ అనే డెబ్బై ఎనిమిదేళ్ళ అవ్వకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పది రోజులకొకసారి ఆస్పత్రిలో తీయించవలెను. నేటికి పద్నాలుగో రోజు. మొన్న నలుగురు మగవాళ్ళు కుర్చీలో మోసుకుపోయి, వాగు నీళ్ళు ఛాతీ దాకా ఉంటే వెనక్కి వచ్చారు. పడుకుంటే ఆమెకు ఊపిరి ఆడదు. అందుకని కూర్చునే ఉంటుంది, మా షెడ్డు వైపు చూస్తూ. తమ నోటీసు నా జేబులో ఉన్నది. చట్టాన్ని గౌరవించే మనిషినా, భయపడే మనిషినా అన్నది ఈ నాలుగు రోజులుగా నాకు తేలలేదు.

కావున ఏలినవారు ఉన్న మూడింటిలో నాకు సరిపడునది ఏదో తామే సెలవిచ్చి, లేదా నాలుగవది ఒకటి కనిపెట్టి, తగు ఉత్తర్వులిప్పించవలెనని ఈ విన్నపం తమ చిత్తమునకు తెచ్చుచున్నాను.

తమ విధేయురాలు,
ఖిన్ ల్వే

తా.క. దీన్ని రేపు మనిషిచేత పంపుదామనుకున్నాను. ఇప్పుడే అవ్వ పెదవులు నీలంగా మారాయి. మీ ఆఫీసు ఆస్పత్రి దారిలోనే ఉంది కనుక నేనే తెచ్చిస్తున్నాను, అదే లారీలో. ఫారంలో మూడు గళ్ళలోనూ టిక్కు పెట్టాను, చెల్లదంటే కొట్టేయండి. లారీ మాత్రం మేం ఆస్పత్రికి చేరాకే పట్టుకోండి, తాళం ఇచ్చేస్తాను.

అవ్వని ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఇంజను అందుకునేదాకా ఆమె ఒడిలోనే పెట్టి ఇది రాస్తున్నాను. ఏమిటా కాగితమని అడిగితే చెప్పాను. గస పెడుతూనే అడిగింది: "అందులో ఏ రంగు బండి తొందరగా పోతుందే?"